మొవ్వు సంగతి తేలేదాకా ఆ చెట్టు మీద కత్తి పెట్టనివ్వకండి

ఈ వారం ఉత్తరం చాలా పెద్దది, పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. విషయం క్లుప్తంగా ఇది. ఆవిడ ఇంటి ముందు ఒక క్వీన్ పామ్ ఉంది, చూడ్డానికి కొబ్బరిలా ఉండే అలంకార చెట్టు. ఆరేళ్ల కిందట మామగారు తన చేతులతో గొయ్యి తవ్వి నాటారు, మరుసటి ఏడే ఆయన పోయారు. మాను ఇప్పుడు ఆవిడ ఎత్తుకు కాస్త పైన ఉంది, నిచ్చెన వేస్తే తల అందుతుంది. పక్కన ఒక విండ్‌మిల్ పామ్, గుమ్మం దగ్గర రెండు కుండీల్లో అరెకా పామ్‌లు కూడా ఉన్నాయి. రెండు వారాల కిందట వరసగా రెండు రాత్రులు చలి మైనస్ 5 దాకా దిగింది. భర్త ఊళ్లో లేరు. మధ్యాహ్నమే ఫోన్ చేసి చెట్టుకు ఏదైనా కప్పమన్నారట. ఆ రోజే పాపకు జ్వరం. అన్నీ చూసుకుని ఆవిడ బయటికొచ్చేసరికి రాత్రి తొమ్మిది. చీకట్లో ఒక్కతే ప్లాస్టిక్ షీట్ చుట్టి తాడు కట్టారు, తెల్లారేసరికి గాలికి సగం షీట్ చిరిగి ఎగిరిపోయింది.

వారం పది రోజుల్లో క్వీన్ పామ్ మట్టలన్నీ గోధుమరంగుకు తిరిగాయి. అరెకాలు నల్లబడి వేలాడుతున్నాయి. విండ్‌మిల్ పామ్ మాత్రం పచ్చగా ఉంది. "చెప్పినప్పుడు కప్పుంటే బతికేది, ఇంక కొట్టించేద్దాం" అన్నారు భర్త. తోటపనికి వచ్చే అతను ఎండిన మట్టలన్నీ నరికి, తల కూడా కొట్టేస్తే కింది నుంచి కొత్తగా చిగురిస్తుందని, గట్టిగా ఎరువు వేద్దామని అంటున్నాడు. అత్తయ్యగారు ఎవర్నీ ఏమీ అనలేదు, కానీ రోజూ పొద్దున్నే వెళ్లి ఆ మాను మీద చెయ్యి వేసి కాసేపు నిలబడి వస్తున్నారట. వచ్చే వారం మళ్లీ మైనస్ 3 అంటున్నారు, ఈసారి గాలి ఉండదు, ఆకాశం నిర్మలంగా ఉంటుందని. "చెట్టు చచ్చిపోయిందా? నా వల్లేనా? ఎవరి మాట వినాలి? రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు" అని అడిగారు.

అమ్మా, మీ మూడు ప్రశ్నల్లో మూడోదానికి ముందు చెప్తాను, ఎందుకంటే అది ఆలస్యం చేస్తే మిగతా రెండూ అనవసరమైపోతాయి. తోటపని అతన్ని ఇవాళే ఆపండి. మామిడి, వేప, గులాబీ లాంటివి తల నరికితే పక్క నుంచి చిగురు వేస్తాయి, వాటికి కొమ్మ పొడుగునా నిద్రపోతున్న మొగ్గలు ఉంటాయి. పామ్ చెట్టుకు అది లేదు. కొబ్బరి, తాడి, ఈత, క్వీన్ పామ్, అన్నీ ఒకే కుటుంబం, వాటి ప్రాణం మొత్తం తలలో మట్టల మధ్య దాగి ఉండే ఒక్క మొవ్వులో ఉంటుంది. ప్రతి కొత్త ఆకూ అక్కడే పుట్టాలి. ఒంటి మాను పామ్‌కు తల కొట్టడమంటే చెట్టును చంపడమే, చిగురించడమనేది జరగదు. అతను చెడ్డవాడు కాదు, వేరే చెట్ల విద్యను దీనికి వాడుతున్నాడు, అంతే. కింది నుంచి పిలకలు వేసే జాతులు కొన్ని ఉన్నాయి, మీ అరెకా అలాంటిదే, వాటి సంగతి తర్వాత చెప్తాను.

మరో తేడా కూడా తెలుసుకోండి. మామూలు చెట్లకు బెరడు కింద ఒక పెరిగే పొర ఉంటుంది, దెబ్బ తగిలితే అదే చుట్టూ కొత్త కణజాలం అల్లి గాయం పూడుస్తుంది. పామ్ మానుకు ఆ పొర లేదు. నీళ్లు మోసే నాళాలు లోపలంతా దారాల కట్టల్లా చెదిరి ఉంటాయి, ఒకసారి పోయినవి మళ్లీ రావు. అందుకే మానుకు మేకు కొట్టడం, ఇనుప తీగ బిగించి కట్టడం, కత్తితో గీసి లోపల పచ్చగా ఉందో లేదో చూడటం, ఇవేవీ చెయ్యనివ్వకండి. చూసినవాళ్లు తలా ఒక గాటు పెట్టి పోతుంటారు.

ఇప్పుడు చెట్టు చచ్చిపోయిందా అన్న ప్రశ్న. గోధుమరంగు మట్టలు చూసి చెప్పలేం. క్వీన్ పామ్‌కు మైనస్ 4 దగ్గర ఆకు కాలడం మొదలవుతుంది, మైనస్ 6, 7కి దిగి గంటల తరబడి అక్కడే ఉంటే చెట్టే పోవచ్చు. మీ దగ్గర మైనస్ 5. అంటే సరిగ్గా మధ్యలో ఉన్నారు. ఆకులన్నీ పోయి మొవ్వు బతికి ఉండటానికి బాగా అవకాశం ఉన్న చోటు అది. ఆకు పలచనిది, గాలికి నాలుగు వైపులా తెరుచుకుని ఉంటుంది. కణాల మధ్య నీరు గడ్డకట్టి, కణంలోని నీటిని బయటికి లాగేస్తుంది, పొరలు చితికిపోతాయి, ఆకు ముందు ఉడికినట్టు నల్లబడి తర్వాత ఎండుతుంది. మొవ్వు అలా కాదు, చుట్టూ మట్టల మొదళ్లు పొరలు పొరలుగా కప్పి ఉంటాయి. చలి దాని దాకా చేరాలంటే చాలాసేపు పడుతుంది.

మీరే రాశారు, నడిమధ్య విప్పని ఆకు ఇంకా పచ్చగానే ఉన్నట్టుంది, కానీ ముట్టుకోవాలంటే భయంగా ఉందని. ఆ భయాన్ని కాసేపు పక్కన పెట్టి, ఎండ ఉన్న ఒక మధ్యాహ్నం నిచ్చెన వెయ్యండి. ఎవరినైనా కింద పట్టుకోమనండి. నిటారుగా ఈటెలా నిలబడి ఉంటుంది ఆ విప్పని ఆకు. దాన్ని రెండు వేళ్లతో వీలైనంత కింద పట్టుకుని మెల్లగా పైకి లాగండి. బలం పెట్టొద్దు, తలుపు గడియ తీసేంత బలం కూడా ఎక్కువే. కదలకుండా గట్టిగా ఉంటే చాలా మంచిది. కాస్త కదిలినట్టు ఉంటే లాగడం ఆపి వదిలెయ్యండి, వారం తర్వాత చూద్దురుగాని. చేతిలోకి ఊడి వచ్చేసి, మొదలు గోధుమరంగుగా, మెత్తగా, కుళ్లిన వాసనతో ఉంటే మొవ్వు కుళ్లు మొదలైనట్టు.

దిగే ముందు ఒక పని చెయ్యండి. తడికి చెదరని స్కెచ్ పెన్నుతో ఆ విప్పని ఆకు మీద నుంచి పక్కనే ఆనుకుని ఉన్న మట్ట మీదకు ఒకే అడ్డగీత గీయండి. రెండింటి మీదా గీత ఒకే వరసలో ఉండాలి. నడిమధ్య ఆకు పెరిగితే దాని మీది గీత పైకి జరుగుతుంది, పక్క మట్ట మీది గీత అక్కడే ఉంటుంది. చలికాలంలో పెరుగుదల దాదాపు ఆగిపోతుంది కాబట్టి రోజూ ఎక్కి చూసి టెన్షన్ పడకండి. వెచ్చబడ్డాక రెండు మూడు వారాలకు ఒకసారి చూస్తే చాలు. గీత ఒక్క సెంటీమీటరు జరిగినా లోపల మొవ్వు పని చేస్తున్నట్టే. ఇంట్లో ఎవరు ఏ వాదన చేసినా ఆ గీతే జవాబు.

ఆకు ఊడి వచ్చినా చెట్టు పోయినట్టు అనుకోకండి. ఆకు మొదలు కుళ్లి, దాని కింద మొవ్వు బాగానే ఉండటం కూడా జరుగుతుంది. అప్పుడు ఆ రంధ్రంలో మెత్తబడిన కుళ్లును చేతికి అందినంత మేర తీసెయ్యండి, నీరుంటే గుడ్డతో అద్దెయ్యండి. చాలామంది అందులో 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తారు, కుళ్లు ఉన్నచోట నురగ వస్తుంది. అది పూర్తిగా ఆరాక, వేరే రోజు, రాగి ఉన్న శిలీంధ్రనాశిని, అంటే కాపర్ ఆక్సీక్లోరైడ్ గానీ కాపర్ హైడ్రాక్సైడ్ గానీ, డబ్బా మీద రాసిన మోతాదులో కలిపి మొవ్వులోకి పొయ్యండి. పది రోజులకు ఇంకోసారి. అంతే, మూడోసారి వద్దు, రాగి ఎక్కువైతే అదే లేత మొవ్వును మాడుస్తుంది. వానకు ఆ రంధ్రం నిండకుండా పైన గొడుగులా ఏదైనా కట్టండి, గాలి మాత్రం ఆడాలి. చలికి చచ్చిన కణజాలం మీదే శిలీంధ్రాలు, బ్యాక్టీరియా చేరతాయి. చాలా పామ్‌లు చలికి పోవు, చలి తర్వాత పట్టిన ఈ కుళ్లుకు పోతాయి.

ఇక మీ వల్లేనా అన్న ప్రశ్న. దీనికి ఓదార్పు మాట చెప్పను, లెక్క చెప్తాను. గాలికి షీట్ చిరిగి ఎగిరిపోయిందని మీరే రాశారు. అంటే ఆ రాత్రి గాలి బలంగా ఉంది. చలి రెండు రకాలుగా వస్తుంది. ఒకటి, ఆకాశం నిర్మలంగా ఉండి గాలి లేని రాత్రి, పగలు నేల దాచుకున్న వేడి నేరుగా పైకి పోతుంది. అలాంటి రాత్రి గుడ్డ కప్పితే ఆ వేడి కప్పు కింద నిలబడుతుంది, రెండు మూడు డిగ్రీలు కాపాడుతుంది. రెండోది, ఎక్కడి నుంచో చలిగాలి దండెత్తి వచ్చే రకం. గాలి వీస్తూ ఉంటే కప్పు కింద వేడి నిలవదు, లోపల వేడి పుట్టించేది ఏదైనా ఉంటే తప్ప ఉత్త గుడ్డ చేసేది చాలా తక్కువ. మీకు వచ్చింది ఆ రెండో రకం. మీరు మధ్యాహ్నం రెండింటికే, మంచి గుడ్డతో, ఇద్దరు మనుషుల సాయంతో కప్పి ఉన్నా, అంత ఎత్తు చెట్టుకు ఆ గాలిలో మట్టలు కాలేవి. ఆలస్యం వల్ల కాస్త నష్టం పెరిగి ఉండొచ్చు, పెరగలేదని అనను. ప్లాస్టిక్ ఆకుకు తగిలిన చోట కూడా చలి నేరుగా దిగుతుంది, అందుకే గుడ్డ మేలు. కానీ ఆ కొన్ని గంటల ఆలస్యం చెట్టును చంపిందనడం న్యాయం కాదు. ఆ సమయంలో మీరు జ్వరంతో ఉన్న పాప దగ్గర ఉన్నారు. మీవారికి ఈ పేరా చదివి వినిపించండి. ఆయన మాటలో కోపం కన్నా నాన్న నాటిన చెట్టు పోతోందన్న బాధ ఎక్కువని నాకు అనిపించింది. కొట్టించేద్దాం అంటున్నది కూడా రోజూ దాన్ని అలా చూడలేకే కావచ్చు. అది మీరిద్దరూ మాట్లాడుకోవాల్సిన సంగతి, చెట్టు మీద తీర్పు చెప్పి ముగించేది కాదు.

వచ్చే వారం సంగతికి వద్దాం, నిజంగా తొందర ఉన్నది దీనికే. మైనస్ 3 క్వీన్ పామ్‌కు మామూలుగా అయితే పెద్ద ప్రమాదం కాదు. కానీ ఇప్పుడది దెబ్బతిన్న చెట్టు, ఒకసారి చలి తిన్న మొవ్వు రెండోసారి తట్టుకోవడం కష్టం. మీ ముందు మూడు దారులున్నాయి.

పూర్తి ఏర్పాటు చెయ్యడం మొదటిది. ఎండిన మట్టలను నరకకండి, అవి ఇప్పుడు మొవ్వుకు దుప్పటి. వాటిని మెల్లగా పైకెత్తి మధ్య ఆకు చుట్టూ కట్టలా చేర్చి, పురికొసతోనో పాత చున్నీతోనో వదులుగా కట్టండి. గడ్డకట్టి ఉన్నప్పుడు వంచితే విరుగుతాయి, కాబట్టి మధ్యాహ్నం పూట చెయ్యండి. మాను పై భాగానికి, మొవ్వు చుట్టూ పాతకాలపు వేడెక్కే సీరియల్ బల్బులు చుట్టండి. ఇప్పుడు దొరికే ఎల్ఈడీ సెట్లు దీనికి పనికిరావు, వాటిలో వేడి పుట్టదు. బల్బు ఎండాకుకు నేరుగా ఆనకూడదు, ఎండిన మట్ట త్వరగా అంటుకుంటుంది. అందుకే ముందు మానుకు ఒక వరస తడి లేని గోనెపట్టా చుట్టి, దాని మీద బల్బులు, వాటి చుట్టూ కాస్త ఖాళీ ఉండేలా మరో గోనెపట్టా. బయట వాడే వైరూ ప్లగ్గూ మాత్రమే వాడండి, జాయింట్లు నేల మీద నీళ్లలో ఉండకూడదు, పడుకునే ముందు ఒకసారి వెళ్లి చేత్తో తాకి చూడండి. వెచ్చగా ఉండాలి, కాలకూడదు. ఇంత చేస్తే గాలి లేని రాత్రి మైనస్ 3 మీ మొవ్వు దాకా చేరదు. శ్రమ ఎక్కువ, కరెంటు విషయంలో జాగ్రత్త తప్పదు, నిచ్చెన మీద ఒంటరిగా చేసే పని కాదు.

బల్బులు లేకుండా మట్టలు కట్టి, గోనెపట్టా లేదా పాత దుప్పట్లు రెండు మూడు పొరలు చుట్టడం రెండో దారి. ఈసారి గాలి లేదంటున్నారు కాబట్టి ఇదీ పని చేస్తుంది. వీలైతే కప్పు నేల దాకా దిగేలా డేరా వెయ్యండి, ఎందుకంటే వేడి పైనుంచి రాదు, నేల నుంచి వస్తుంది. మాను మాత్రమే చుట్టి వదిలేస్తే ఆ వేడిని పట్టుకోలేరు. మీ చెట్టుకు నేల దాకా డేరా వెయ్యడం కష్టమైతే తలకే చుట్టండి, మొవ్వు ముఖ్యం.

మూడోది, ఏమీ చెయ్యకుండా వదిలెయ్యడం. మైనస్ 3 కొద్దిసేపే ఉంటే చెట్టు గట్టెక్కవచ్చు. కానీ మొవ్వు ఇప్పటికే సగం దెబ్బతిని ఉంటే ఇదే దాని చివరి చలి అవుతుంది, ఆ తర్వాత మీకు మళ్లీ ఈ ఉత్తరం రాసేటంత బాధ మిగులుతుంది. మీ పరిస్థితిలో నేనైతే రెండో దారి కన్నా తక్కువకు ఒప్పుకోను.

ఏ దారి ఎంచుకున్నా చలి వచ్చే ముందు రోజు మధ్యాహ్నం వేళ్లకు బాగా నీళ్లు పెట్టండి. తడి నేల పగటి వేడిని పొడి నేల కన్నా ఎక్కువ దాచుకుంటుంది, రాత్రి మెల్లగా వదులుతుంది. నీళ్లు పాదుకే, తల మీద చుక్క పడకూడదు. తర్వాత ఎండుటాకులో గడ్డో ఒక జానెడు మందాన పాదు అంతా పరచండి, మానుకు మాత్రం ఆనించకండి, కొంచెం ఎడం వదలండి. తెల్లారి ఎండ వచ్చి గాలి సున్నా దాటి వెచ్చబడగానే చుట్టినవి విప్పెయ్యండి. చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. చలి రాత్రి గడిచిందన్న సంతోషంలో చుట్టింది చుట్టినట్టే వారాల తరబడి వదిలేస్తారు, లోపల చెమ్మ పట్టి, మొవ్వు చలికి కాదు, ఆ చెమ్మకు కుళ్లుతుంది. ఇంకొక మాట, మట్టల మీద మంచు గడ్డకట్టి కనిపిస్తే వేడినీళ్లు పొయ్యకండి, కర్రతో కొట్టకండి. దానంతట అదే కరగనివ్వండి.

మట్టలు నరకొద్దని ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, నేను చేసి నష్టపోయాను కాబట్టి. నా దగ్గర చిన్న పిగ్మీ డేట్ పామ్ ఒకటి ఉండేది, మోకాలెత్తున. ఒక చలికి మట్టలన్నీ కాలిపోతే రోజూ చూడలేక మొత్తం శుభ్రంగా కత్తిరించేశాను, చూడ్డానికి బాగుందనిపించింది కూడా. పన్నెండు రోజులకు ఇంకో చలి రాత్రి వచ్చింది. మొవ్వు మీద అడ్డం ఏమీ లేదు. వసంతంలో నేను లాగిన ఆకు వేళ్ల మధ్య నుంచి జారి వచ్చేసింది, దాని మొదట్లో ఉన్న గోధుమరంగు నీళ్లు ఇప్పటికీ కళ్లముందే ఉన్నాయి. పైగా గోధుమరంగుగా కనిపించే మట్టలో కాడ పచ్చగా ఉందేమో చూడండి. ఏ కొంచెం పచ్చదనం ఉన్నా అది ఇంకా చెట్టుకు తిండి తయారు చేస్తోంది. చలి భయం పూర్తిగా పోయాక, మధ్య నుంచి కొత్త ఆకు పైకి రావడం కళ్లారా చూశాక, అప్పుడు పూర్తిగా ఎండినవి మాత్రమే తియ్యండి.

ఎరువు ఇప్పుడు వద్దు. చలికి వేళ్లు దాదాపు నిద్రలో ఉన్నాయి, వేసినా తీసుకోలేవు. నత్రజని ఇప్పుడు పనిచేసినా వచ్చేది లేత పెరుగుదలే, మరో చలికి ముందు పోయేది అదే. నేల వెచ్చబడ్డాక పామ్‌ల కోసం చేసిన ఎరువు, పొటాషియం ఎక్కువ ఉన్నది, మెల్లగా కరిగే రకం వెయ్యండి. పొటాషియం తక్కువైన పామ్‌లు చలికి తొందరగా లొంగుతాయి. కింది పాత మట్టల చివర్లు ముందునుంచీ పసుపుగా, నారింజ చుక్కలతో ఉండేవా? ఉంటే ఆ లోటు ఎప్పటినుంచో ఉన్నట్టు. చెట్టు పాత ఆకుల్లోంచి పొటాషియం తీసి కొత్త ఆకులకు పంపుకుంటుంది, కాబట్టి పసుపు మట్టలు అందంగా లేవని తీసేస్తే దాని నిల్వ మీరే పారేసినట్టు అవుతుంది.

కొత్త ఆకు వచ్చినప్పుడు ఒక సంగతికి ముందే సిద్ధపడండి. అది అందంగా రాదు. మొదటి ఒకటి రెండు ఆకులు పొట్టిగా, చివర్లు ఎండి, ముడతలు పడి, మధ్యలో అడ్డంగా గోధుమ చారలతో వస్తాయి. లోపల చుట్టుకుని ఉన్నప్పుడే వాటికి చలి తగిలింది మరి. కొన్నిసార్లు చల్లటి నేలలోంచి మాంగనీస్ అందక కొత్త ఆకు జుట్టు కాలినట్టు ముడుచుకుపోతుంది, నేల వేడెక్కితే తర్వాతి ఆకులు సర్దుకుంటాయి. ఇంకా భయపెట్టేది ఒకటుంది, దాచడం సరికాదు. మానులో నీళ్లు మోసే నాళాలు చలికి దెబ్బతింటే చలికాలంలో పైకి ఏమీ కనిపించదు. ఎండలు ముదిరి చెట్టుకు నీళ్ల అవసరం పెరిగినప్పుడు, పచ్చగా కనిపిస్తున్న చెట్టు ఉన్నట్టుండి వాలిపోతుంది. అందుకే తొలి కొత్త ఆకు చూసి గెలిచామనీ, ఆలస్యమైతే పోయిందనీ అనుకోకూడదు. వేసవి నడిమధ్య దాకా ఆగండి.

2021 ఫిబ్రవరిలో అమెరికాలో టెక్సాస్‌ను పట్టిన చలి తర్వాత వాషింగ్టోనియా పామ్‌లు లెక్కలేనన్ని పోయాయి, అక్కడి సబాల్ పామ్‌లు చాలావరకు మళ్లీ ఆకు వేశాయి. చలి ఒకటే, జాతి వేరు. మీ విండ్‌మిల్ పామ్ కూడా ఆ కారణంతోనే పచ్చగా ఉంది, మీరు దాన్ని బాగా చూసుకున్నందుకు కాదు, క్వీన్ పామ్‌ను నిర్లక్ష్యం చేసినందుకు కాదు. విండ్‌మిల్ చైనా కొండల మొక్క, 1849లో రాబర్ట్ ఫార్చ్యూన్ అనే స్కాట్లాండ్ వాడు అక్కడి నుంచి ఇంగ్లండుకు పంపాడు, దాని శాస్త్రీయ నామంలో ఆయన పేరే ఉంది. పాదు కుదురుకున్న చెట్టయితే మైనస్ 12 దాకా తట్టుకుంటుంది. క్వీన్ పామ్ దక్షిణ అమెరికా వెచ్చటి ప్రాంతాల నుంచి వచ్చింది. ఒకే ముంగిట్లో పక్కపక్కన పెట్టి ఒకే రకంగా ఉండాలని మనం కోరుకుంటాం, వాటి పుట్టిల్లు వేరు.

అరెకాల గురించి. ఇవి సున్నా దగ్గరే ఇబ్బంది పడే రకం. పైగా కుండీలో వేళ్లకు నేల రక్షణ ఉండదు, చలి కుండీ గోడల్లోంచి నాలుగు వైపులా దూరుతుంది. ఇంకా లోపల పెట్టకపోతే ఇవాళే పెట్టండి, వెలుతురు ఉన్న కిటికీ దగ్గర, నీళ్లు తగ్గించి. ఇది గుంపుగా పెరిగే రకం కాబట్టి కాండాలు కొన్ని పోయినా మిగతావో, మొదట్లోని పిలకలో వచ్చే అవకాశం ఉంది. మొదట్లో వేలితో నొక్కి చూడండి, గట్టిగా ఉన్న కాండాలను ఉంచండి, నీరుకారి మెత్తబడినవి తీసెయ్యండి. ఏదీ గట్టిగా లేకపోతే ఇక ఎదురుచూడక్కర్లేదు.

ఇప్పుడు కొట్టించడం గురించి. మీవారు అన్నది ఎప్పటికీ తప్పని నేను చెప్పను. వేసవి నడుమకు కూడా గీత జరగక, మధ్య ఆకు ఊడిపోయి, కొత్తది రాకపోతే చెట్టు పోయినట్టే, అప్పుడు తియ్యక తప్పదు. చచ్చిన మాను లోపల పుచ్చి పడిపోతుంది, కింద పాప ఆడుకుంటుంది. ఒకవేళ బతికితే ఇంకో నిర్ణయం ఉంటుంది. ప్రతి చలికాలం ఇలా నిచ్చెన, గోనెపట్టా, బల్బులు. చెట్టు ఎత్తు పెరిగే కొద్దీ మొవ్వు చేతికి అందకుండా పోతుంది, నాలుగైదేళ్లకు చుట్టడం ఇక మీ వల్ల కాదు. అది తెలిసి ఉంచుకోవడం ఒక దారి. దాన్ని ఉంచుతూనే పక్కన చలికి ఆగే ఇంకో రకం, సబాల్ గానీ, పిండో పామ్ గానీ, ఇంకో విండ్‌మిల్ గానీ ఇప్పటినుంచే నాటుకోవడం ఇంకో దారి. నాటేది వసంతం చివర్లో, నేల వెచ్చబడ్డాక, అప్పుడైతే వేళ్లు కుదురుకోవడానికి వేసవి అంతా దొరుకుతుంది. మామగారి గుర్తు ఈ ఒక్క మానులోనే ఉండాలా, అదే గొయ్యిలో అదే మట్టిలో అత్తయ్యగారు నాటిన మరో చెట్టులో కూడా ఉండొచ్చా అన్నది మీ కుటుంబం తేల్చుకోవాలి. ఆ మాట ఎవరైనా ముందు అనాలంటే అది అత్తయ్యగారే అనాలి, మీరో మీవారో కాదు.

ఆవిడ రోజూ పొద్దున్నే వెళ్లి ఆ మాను దగ్గర నిలబడుతున్నారని రాశారు కదా. గీత గీసే రోజు నిచ్చెన కింద పట్టుకోవడానికి మీవారిని, పెన్ను అందించడానికి అత్తయ్యగారిని పిలవండి. తర్వాత ఆ గీత ఎక్కడుందో కింద నుంచి చూసి చెప్పే పని ఆవిడకు అప్పగించండి, కనిపించకపోతే ఫోన్‌లో ఫొటో తీసి పెద్దది చేసి చూపించండి. వేసవిలో అది జరిగినా జరగకపోయినా నాకు ఒక ముక్క రాయండి.